టెస్టర్, ప్లగ్ టెస్టర్, మల్టీమీటర్, మెగ్గర్: డెల్టాలో ఇంటి వైరింగ్‌కి ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి

"వాషింగ్ మెషీన్ మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోంది నాయనా, అదీ సాయంత్రం పూటే" అని మా అత్తయ్య ఫోన్ చేసేసరికే ఆ ఇంట్లో రెండు పరీక్షలు అయిపోయాయి. ఒకాయన టెస్టర్ పెట్టి చూసి అంతా బాగానే ఉందన్నాడు. రెండో ఆయన మూడు లైట్ల ప్లగ్ టెస్టర్ గుచ్చి, ఎర్త్ కూడా ఉందని చెప్పి వెళ్ళాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. చేతిలో ఉన్న పరికరం ఎంత చెప్పగలదో అంతే వాళ్ళకి తెలిసింది.

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసి ఇరవై ఏళ్ళుగా కోనసీమలోనూ, నది దాటి నరసాపురం, పాలకొల్లు వైపూ ఇళ్ళ వైరింగ్ పని చేస్తున్నాను. "వైరింగ్ చెక్ చేయడానికి ఎంత తీసుకుంటారు?" అని అడిగేవాళ్ళు రోజూ కనిపిస్తారు. "దేనితో చెక్ చేస్తారు?" అని అడిగేవాళ్ళు ఏడాదికి ఇద్దరో ముగ్గురో. ఆ రెండో ప్రశ్న మీరు కూడా అడగాలని ఇది రాస్తున్నాను.

లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది అంటే కరెంటు వస్తోందని మాత్రమే అర్థం. ఇల్లు క్షేమంగా ఉందో లేదో తెలియాలంటే మూడు సంగతులు తేలాలి. వైరు తొడుగులోంచి కరెంటు ఎక్కడైనా కారుతోందా? కారితే అది మనిషి ఒంట్లోంచి కాకుండా భూమిలోకి పోవడానికి తిన్నని దారి ఉందా? అలా పోతున్నప్పుడు ప్రాణం మీదికి రాకముందే సప్లై తెగుతుందా? ఒక్కో పరికరం వీటిలో కొన్నిటికే జవాబు చెబుతుంది. అత్తయ్య ఇంట్లో ఆ ఒక్క సాకెట్ దగ్గర ఏ పరికరం ఏం చెప్పిందో చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

టెస్టర్: ఫేజ్ ఎక్కడుందో చెబుతుంది, అంతే

జేబులో పెట్టుకునే టెస్టర్ వంద రూపాయల లోపు దొరుకుతుంది. సాకెట్ కన్నంలో పెట్టి వెనక వేలు ఆనిస్తే ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) ఉన్నచోట లోపలి చిన్న లైటు వెలుగుతుంది. ఆ లైటుకి కావలసిన కాస్త కరెంటూ మన ఒంట్లోంచే భూమిలోకి పోతుంది. అందుకే ప్లాస్టిక్ కుర్చీ మీదో చెక్క బల్ల మీదో నిలబడితే మందంగా వెలుగుతుంది, ఒక్కోసారి వెలగదు కూడా. వెలగలేదు కదా అని వైరు పట్టుకున్నవాళ్ళకి షాక్ కొట్టిన సందర్భాలు నేను చూశాను. పక్కన పోతున్న వైరు ప్రభావంతో చచ్చిన వైరు మీద కూడా టెస్టర్ మినుకుమినుకుమంటుంది. బీప్ కొట్టే పెన్ టెస్టర్ సంగతీ ఇంతే.

న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే వైరు) తెగిందా, ఎర్త్ ఉందా, లీకేజీ ఉందా అంటే టెస్టర్ దగ్గర జవాబు లేదు. ఇంట్లో ఒకటి ఉంచుకోండి, ఎలక్ట్రీషియన్ దాన్ని ఒక్కదాన్నే పట్టుకొస్తే మాత్రం అది వైరింగ్ పరీక్ష అనుకోవద్దు.

ప్లగ్ టెస్టర్: చవక, మంచిదే, కానీ మోసపోతుంది

కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. మన మూడు పిన్నుల సాకెట్‌కి సరిపోయేది చూసి కొనండి. గుచ్చగానే ఏ లైట్లు వెలిగాయో చూసి, ఫేజ్, న్యూట్రల్ తారుమారయ్యాయా, ఎర్త్ వైరు అసలు తగిలించారా అన్నది అర నిమిషంలో తేల్చుకోవచ్చు. సాకెట్‌కి ఎదురుగా నిలబడితే పైన పెద్ద కన్నం ఎర్త్, కుడిచేతి వైపు ఫేజ్, ఎడమచేతి వైపు న్యూట్రల్ ఉండాలి. అద్దె ఇంట్లో దిగేముందు ప్రతి సాకెట్‌లోనూ దీన్ని ఒకసారి గుచ్చి చూడమని నేను అందరికీ చెబుతాను. వంటింట్లో ఫ్రిజ్ పెట్టే సాకెట్, బాత్‌రూమ్‌లో గీజర్ పాయింటు ముందు చూడండి.

దీనికి తెలియనివి రెండున్నాయి. ఎర్త్ వైరు ఆరుబయట భూమిలో ఉన్న ఎర్త్ గొయ్యి దాకా గట్టిగా ఉందో, ఒక్క సన్న తీగ మీద వేలాడుతోందో దీనికి తెలియదు. రెండింటికీ లైట్లు ఒకేలా వెలుగుతాయి. ఇంకోటి దీనికంటే ప్రమాదం. ఎర్త్ లేని సాకెట్‌లో కొందరు న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి చిన్న వైరు ముక్క లూప్ కొట్టేస్తారు. ప్లగ్ టెస్టర్ దాన్ని చూసి ఎర్త్ ఉందనే అంటుంది. రేపు ఆ న్యూట్రల్ ఎక్కడ లూజైనా, ఎక్కడ తెగినా, మెషీన్ ఇనప బాడీ మొత్తం కరెంటు పట్టుకుని కూర్చుంటుంది. అత్తయ్య ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే. అప్పటికి నాకు ఇంకా తెలియదు.

మల్టీమీటర్: వాడే చెయ్యి మీద ఆధారపడి ఉంటుంది

మంచి మల్టీమీటర్ వెయ్యి రూపాయల చుట్టుపక్కల మొదలవుతుంది. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్యా సుమారు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటో రెండో మూడో వోల్టులు వస్తే మామూలుగా బాగున్నట్టు. ఈ మూడో అంకెని చాలామంది చూడరు. అసలు కథంతా అక్కడే ఉంటుంది.

అత్తయ్య ఇంట్లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 0.0 వచ్చింది. గీజర్ వేసి మళ్ళీ చూశాను. మళ్ళీ 0.0. లోడు పెరిగినా ఆ అంకె కదలలేదంటే ఆ రెండూ ఇక్కడే ఎక్కడో కలిసిపోయి ఉండాలి. దొడ్లో కొబ్బరి చెట్టు పాదులో తడిగా ఉన్నచోట ఒక ఇనప ఊచ దిగ్గొట్టి, దానికి పొడుగాటి వైరు కట్టి లోపలికి తెచ్చాను. సాకెట్ ఎర్త్ కన్నానికీ ఆ ఊచకీ మధ్య మీటరు పెట్టాను. గీజర్ ఆపి ఉన్నప్పుడు 2 వోల్టులు. వేయగానే 26. "ఆయ్, అదేనండి, గీజరేసినప్పుడే లైట్లు కూడా మందగిస్తాయి, లో వోల్టేజీ అనుకున్నాం" అన్నాడు మామయ్యగారి పాలికాపు.

సాకెట్ విప్పితే న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి నల్ల వైరు ముక్క ఉంది. మీటరు దాటాక ఉన్న పాత ఇనప మెయిన్ స్విచ్‌లో న్యూట్రల్ లింకు మాడి, దాని చుట్టూ వైరు తొడుగు కరిగి బొగ్గు రంగుకి వచ్చింది. లోడు పడినప్పుడల్లా అక్కడ ఆగిపోయిన వోల్టేజీ న్యూట్రల్ మీదికి, ఆ ముక్క వైరులోంచి మెషీన్ బాడీ మీదికి, బాడీ మీంచి తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడ్డ అత్తయ్య చేతిలోకి వస్తోంది. ఆ లింకు పూర్తిగా తెగి ఉంటే అది 26 దగ్గర ఆగేది కాదు. మెషీన్ మీద 230 వోల్టులు ఉండేవి.

మల్టీమీటర్‌తో ఇంకో మంచి పరీక్ష ఉంది, ఇది మీరే చేసుకోవచ్చు. ఇస్త్రీ పెట్టె లాంటి వెయ్యి వాట్ల వస్తువు వేసి, అదే బోర్డులో పక్క సాకెట్‌లో వోల్టేజీ ఎంత తగ్గిందో చూడండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఇరవై మీటర్ల దూరం లాగి ఉంటే, ఇంటి లోపలి వైరింగ్ వల్ల తగ్గుదల ఒకటిన్నర వోల్టులు కూడా ఉండకూడదు. డీబీ బాక్సు (ఇంట్లోకి లైన్లన్నీ విడిపోయే పెట్టె) దగ్గర కొలిస్తే పెద్దగా మార్పు లేకుండా, సాకెట్ దగ్గర మాత్రం ఎనిమిదో పదో వోల్టులు పడిపోతే మధ్యలో ఎక్కడో లూజ్ కాంటాక్టు వేడెక్కుతోంది. డీబీ దగ్గర కొలత ఎలక్ట్రీషియన్ చేతే తీయించండి, అది మూత తీసి చేసే పని. స్విచ్ బోర్డుల్లో మంటలు ఎక్కువగా ఇలాంటి లూజు జాయింట్ల దగ్గరే పుడతాయి.

అయితే మల్టీమీటర్ ఎర్త్ బలాన్ని కొలవలేదు. దాని లోపలి నిరోధం చాలా ఎక్కువ కాబట్టి తుప్పుపట్టి ఒక్క పోగు మిగిలిన ఎర్త్ వైరు దగ్గర కూడా 230 చూపిస్తుంది.

సిరీస్ బల్బు: పాత మేస్త్రీల పద్ధతి

హోల్డర్‌కి రెండు వైర్లు కట్టి, వంద వాట్ల బల్బు పెట్టి ఫేజ్‌కీ ఎర్త్‌కీ తగిలించి చూడటం మా గురువుల కాలం నాటి పద్ధతి. బల్బు నిండుగా వెలిగితే ఎర్త్ గట్టిది, మందంగా వెలిగితే బలహీనం. మల్టీమీటర్ చెప్పలేని సంగతిని ఇది కొంత చెబుతుంది, ఎందుకంటే దీనిలో నిజంగా కరెంటు పారుతుంది. ఒక పెద్ద చిక్కు ఉంది. ఎర్త్ వైరు ఎక్కడైనా తెగి ఉంటే, బల్బు తగిలించిన క్షణంలో ఆ ఎర్త్‌కి కట్టిన ఫ్రిజ్, మెషీన్, గ్రైండర్ అన్నిటి బాడీల మీదికీ కరెంటు వస్తుంది. ఆ సమయంలో ఎవరైనా ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే షాకే. ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పి కారితే సప్లై తెంచే స్విచ్) పనిచేస్తున్న ఇంట్లో ఇలా తగిలిస్తే అది వెంటనే పడిపోతుంది. ఇంట్లో వాళ్ళు ఎవరూ దీన్ని చేయొద్దు. మేస్త్రీ చేస్తానంటే అన్ని ప్లగ్గులూ పీకించి, పిల్లల్ని బయటికి పంపి చేయించండి.

మెగ్గర్: ఖర్చు పెడితే దీనికే పెట్టండి

వైరు తొడుగు ఎంత బాగుందో చెప్పేది ఇదొక్కటే. మెయిన్ ఆపి, 500 వోల్టుల డీసీ పంపి, కరెంటు తొడుగు దాటి బయటికి కారుతోందా అని చూస్తుంది. మన ఇళ్ళ 230 వోల్టుల లైన్లకి కనీసం 1 మెగాఓమ్ (పది లక్షల ఓమ్‌లు) రావాలని ఐఎస్ 732 అనే వైరింగ్ ప్రమాణం చెబుతుంది. కొత్త వైరింగ్‌కి పదుల్లో, వందల్లో వస్తుంది. కొత్తింట్లో 2 మెగాఓమ్‌లు వచ్చినా నేను పాస్ అనను. ఎక్కడో పైపులో నీళ్ళున్నాయి, లేదా వైరు లాగేటప్పుడు తొడుగు గీరుకుంది.

మనది డెల్టా. చాలా ఊళ్ళలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు పడతాయి. వానాకాలంలో గోడలు తేమ పీలుస్తాయి. అంతర్వేది, సఖినేటిపల్లి, మలికిపురం, మొగల్తూరు వైపు సముద్రపు ఉప్పుగాలి బోర్డుల్లోకి దూరి స్క్రూల మీద పచ్చగా చిలుము పట్టిస్తుంది. దొడ్లో మోటారుకి, గేటు లైటుకి భూమిలో పైపు వేసి లాగిన లైన్లలో ఏడాదిలో సగం రోజులు తడి ఉంటుంది. ఈ లోపాలేవీ టెస్టర్‌కీ ప్లగ్ టెస్టర్‌కీ కనపడవు. అత్తయ్య ఇంట్లో గేటు లైటు లైను దాదాపు సున్నా చూపించింది. ఆర్‌సీసీబీ అస్తమానం పడిపోవడానికి కారణం ఆ లైనే. లీకేజీ వెతకడం మాని, పడిపోతోందని ఆర్‌సీసీబీని బైపాస్ చేసేశారు ఎవరో. కాపలా కుక్క అరుస్తోందని దాని మూతి కట్టేసినట్టయింది.

మెగ్గర్ చేయించేటప్పుడు చూసుకోవలసినవి ఉన్నాయి. ప్లగ్గులన్నీ పీకాలి. ఎల్ఈడీ బల్బులు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లు, కాలింగ్ బెల్లు తీయాలి లేదా వేరు చేయాలి, లేకపోతే 500 వోల్టులకి పాడవుతాయి. తీయడం కుదరని చోట ఫేజ్, న్యూట్రల్ కలిపి పట్టి ఎర్త్‌తో మాత్రమే చూడాలి. అన్నిటికంటే ముఖ్యం ఇన్వర్టర్. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైను బతికే ఉంటుంది. దాన్ని కూడా ఆపి, దాని వైర్లు విప్పాకే బోర్డులో చెయ్యి పెట్టాలి. ఇంటి మీద సోలార్ ఉంటే అదీ అంతే.

మెగ్గర్ ధర వేలల్లో ఉంటుంది, కొనక్కర్లేదు. ఉన్నవాళ్ళని పిలవండి. ప్రతి సర్క్యూట్‌కీ విడిగా అంకె చెప్పమనండి. "అన్నీ బాగున్నాయండి" అంటే ఒప్పుకోవద్దు.

ఎర్త్ గొయ్యి: మన నేల మంచిదే, మన క్లాంపు కాదు

ఎర్త్ టెస్టర్‌తో చేసే పరీక్షలో గొయ్యిని ఇంటి నుంచి విప్పి, వరసగా దూరదూరంగా రెండు మేకులు దిగ్గొట్టి కొలుస్తారు. విప్పే ముందు మెయిన్ ఆపడం తప్పనిసరి. తోట ఉన్న ఇంట్లో దీనికి చోటుకి కొదవలేదు. అమలాపురం, భీమవరం లాంటి ఊళ్ళలో గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళకి మేకులు పాతే చోటు ఉండదు. అక్కడ ఫేజ్, ఎర్త్ మధ్య దారి మొత్తాన్ని సాకెట్‌లోంచే కొలిచే లూప్ టెస్టర్ తెచ్చేవాళ్ళని వెతకండి. దవడలా పట్టుకునే క్లాంప్ ఎర్త్ టెస్టర్ ఒంటరి గొయ్యికి పనికిరాదు. కరెంటు తిరిగి రావడానికి దానికి ఇంకో ఎర్త్ దారి కావాలి.

నల్లరేగడి ఒండ్రుమట్టిలో, నీరు పైనే ఉన్నచోట గొయ్యి 1, 2 ఓమ్‌లు చూపించడం నాకు మామూలే. ఇంటికి 5 ఓమ్‌ల లోపు ఉంటే నేను సరే అంటాను. సముద్రం ఒడ్డు ఇసక నేలల్లో ఎండాకాలం పై పొర ఎండిపోయి అంకె బాగా పెరుగుతుంది, అక్కడ పైపు లోతుగా, నీటి తడి అందేదాకా దిగాలి. నేల ఎంత మంచిదైనా గొయ్యి మూత తీసి చూడనివాళ్ళకి ఫలితం సున్నా. అత్తయ్య ఇంట్లో మూత తీసి, ఎర్త్ వైరుని గొయ్యి పైపుకి బిగించే క్లాంపు నట్టు వేళ్ళతో తిప్పితే ఊడి చేతిలోకి వచ్చింది. జీఐ వైరు చివర తెల్లటి పొడి రాలింది. గొయ్యి బాగుంది, ఇంటికీ దానికీ సంబంధం లేదు. గొయ్యిలో వేసే ఉప్పు నిరోధం తగ్గిస్తుంది, ఇనుమునీ తింటుంది. అందుకే క్లాంపుని ఏడాదికోసారి విప్పి శుభ్రం చేసి గ్రీజు రాసి బిగించాలి. పరీక్ష రోజున గొయ్యిలో బిందెల కొద్దీ నీళ్ళు పోసి అంకె తగ్గించి చూపించే పని ఎవరు చేసినా ఆపండి.

ఎంసీబీ ఉంది కదా అనుకునేవాళ్ళకి

ఇది లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడే పొరబడుతున్నారు. గొయ్యి 5 ఓమ్‌లు అనుకోండి. ఫేజ్ వైరు మెషీన్ బాడీకి తగిలితే భూమిలోకి పోయే కరెంటు ఎంత? 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు, అదీ మహా అయితే. మన ఇళ్ళలో ఎక్కువగా పెట్టే సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) తక్షణం పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు పారాలి. 46కి అది వేడెక్కి పడాలి, అందుకు సెకన్లు పట్టొచ్చు, నిమిషం దాకా కూడా పట్టొచ్చు. అదే 32 ఆంపియర్లది అయితే గంటసేపు పడకుండా ఉండవచ్చు. అంతసేపూ ఆ బాడీ మీద ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీకి 46 ఆంపియర్లు అక్కర్లేదు. 0.03 ఆంపియరు దారి తప్పితే చాలు, 300 మిల్లీసెకన్ల లోపే తెంచేస్తుంది. కొనేటప్పుడు 30 అనే అంకె చూసుకోండి. 100, 300 మిల్లీ ఆంపియర్లవి అగ్ని ప్రమాదం కోసం, మనిషి కోసం కాదు. ఎంసీబీ చేసే ఓవర్‌లోడు పని ఆర్‌సీసీబీ చేయదు, అందుకని రెండూ ఉండాలి. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్న మనిషిని ఆర్‌సీసీబీ కాపాడలేదని కూడా పిల్లలకి చెప్పండి.

దాని మీద ఉండే టెస్ట్ బటన్‌ని నెలకోసారి నొక్కండి. కరెంటు ఉండగా నొక్కగానే టక్కున పడాలి. పడకపోతే మార్చేయడమే, ఉప్పుగాలికి లోపలి స్ప్రింగు బిగుసుకుపోతుంది. ఆ బటన్ ఎర్త్ గురించి ఏమీ చెప్పదు. ఎర్త్ అసలు లేని ఇంట్లో కూడా నొక్కితే పడుతుంది. ఎన్ని మిల్లీ ఆంపియర్లకి, ఎన్ని మిల్లీసెకన్లలో పడుతోందో తెలియాలంటే ఆర్‌సీసీబీ టెస్టర్ కావాలి. ఇల్లు అప్పగించేటప్పుడు ఒకసారి ఆ పరీక్ష చేయించండి, తర్వాత బటన్ చాలు.

ఎవరి ఇంటికి ఏది

అద్దెకి ఉండేవాళ్ళకి ప్లగ్ టెస్టర్, ఆర్‌సీసీబీ బటన్ సరిపోతాయి. ఆర్‌సీసీబీ లేకపోతే ఓనర్‌గారిని అడిగి పెట్టించుకోండి, అడ్వాన్సు ఇచ్చేముందే అడిగితే మాట చెల్లుతుంది.

కొత్తిల్లు కట్టుకునేవాళ్ళు ప్లాస్టరింగ్ అయ్యాక, రంగులకి ముందు మెగ్గర్ చేయించండి. లోపం దొరికితే గోడ పగలగొట్టడానికి అప్పుడే మనసొప్పుతుంది. గృహప్రవేశానికి ముందు మెగ్గర్, ఎర్త్, ఆర్‌సీసీబీ మూడూ మళ్ళీ. వైరింగ్ చేసినవాళ్ళ చేతే పరీక్ష కూడా చేయించకుండా, లైసెన్సున్న వేరే ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌ని పిలవడం నా దృష్టిలో మంచిది. నేను వైరింగ్ చేసిన ఇళ్ళకి కూడా ఇదే చెబుతాను.

వైరు నాణ్యత కూడా కట్టేముందే తేలాలి. ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 694 అనే అంకె చూడండి. చుట్ట విప్పకుండా రెండు చివర్లకీ మల్టీమీటర్ పెట్టండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 90 మీటర్ల చుట్ట అయితే 1.1 ఓమ్‌ల దగ్గర రావాలి. మీటరు తీగల సొంత నిరోధం ముందే చూసుకుని తీసివేయాలి. ఒకటిన్నర దాటిందంటే రాగి తక్కువ వేశారు, లేదా రాగి మంచిది కాదు. ఈ చిన్న పరీక్షతో షాపులోనే రెండు చుట్టలు వెనక్కిచ్చాను నేను.

పాత పెంకుటిళ్ళు, మండువా లోగిళ్ళలో చెక్క పట్టీ మీద వైరింగ్ ఇంకా ఉంది. వీటికి మెగ్గర్ తప్ప వేరే పరీక్షతో సరిపెట్టొద్దు. పైన రబ్బరు తొడుగు బాగున్నట్టే కనిపించి వంచితే పొడిగా రాలిపోతుంది. అంకె 1 మెగాఓమ్‌కి దిగువన వస్తే అతుకులు వేయకుండా కొత్త వైరింగే వేయించండి.

వరద నీళ్ళు ఇంట్లోకి వచ్చినవాళ్ళ సంగతి వేరు. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు పి.గన్నవరం వైపు లంక ఊళ్ళలో బోర్డుల దాకా నీళ్ళెక్కిన ఇళ్ళున్నాయి. నీరు తీశాక "రెండ్రోజులు ఎండింది కదా, వేసి చూద్దాం" అనే మాట వినపడగానే నాకు గుండె ఝల్లుమంటుంది. మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు, స్విచ్‌లు, సాకెట్లు బాగున్నట్టు కనిపించినా మార్చేయాలి, లోపల ఒండ్రు కూర్చుంటుంది. వైర్లు మంచివైతే ఆరాక బతకొచ్చు, ఆ మాట మెగ్గర్ చెప్పాలి. అది చెప్పేదాకా మెయిన్ వేయొద్దు. మీటరుకి ముందు భాగం, సర్వీసు వైరు, స్తంభం సంగతికి 1912కి ఫోన్ చేయండి, అక్కడ మనం చెయ్యి పెట్టకూడదు. మీటరు దాటాక అంతా మన బాధ్యతే.

ఏ కాలంలో

ఎర్త్‌ని ఏప్రిల్, మే నెలల్లో కొలిపించండి. నేల ఎండి ఉన్నప్పుడు అంకె బాగుంటే వానల్లో ఇంకా బాగుంటుంది. మెగ్గర్‌ని మాత్రం ఆగస్టు నుంచి అక్టోబరు మధ్యలో, గోడలు తడిసి ఉన్నప్పుడు చేయించండి. ఎండాకాలం పరీక్షలో గేటు లైటు లైను ఎప్పుడూ పాసవుతుంది, వానాకాలంలోనే దాని అసలు రంగు బయటపడుతుంది. రెండూ ఒకే రోజు ఒకే మనిషి చేత చేయించుకుంటే ఖర్చు తగ్గుతుందని చాలామంది సంక్రాంతి ముందు, రంగులేసేటప్పుడు పిలుస్తారు. అప్పుడు నేల పూర్తిగా ఎండి ఉండదు, గోడలు ఆరిపోయి ఉంటాయి. రెండు పరీక్షలకీ అది సరైన కాలం కాదు.

అత్తయ్య ఇంట్లో ఆ రోజు మెయిన్ స్విచ్ మార్చి, సాకెట్‌లో లూప్ తీసేసి, ఎర్త్ క్లాంపు కొత్తది వేసి, గేటు లైటు లైను పూర్తిగా విప్పి పక్కన పెట్టి, ఆర్‌సీసీబీని మళ్ళీ కలిపాం. మెషీన్ వేసి, గీజర్ వేసి, తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా ముందు నేనే నిలబడి చెయ్యి వేశాను. ఊచకీ బాడీకీ మధ్య మీటరు 0.4 వోల్టులు చూపించాకే వేశాను లెండి. డీబీ తలుపు లోపల ఒక కాగితం అంటించి, తేదీ, ఒక్కో సర్క్యూట్ మెగాఓమ్‌లు, ఎర్త్ ఓమ్‌లు, ఆర్‌సీసీబీ పడిన మిల్లీసెకన్లు రాశాను. మీ ఇంట్లో ఎవరు పరీక్ష చేసినా ఇలా రాయించుకోండి, డబ్బులు ఆ కాగితం చూసి ఇవ్వండి.

ఇప్పుడా కాగితం మీద నాలుగు వరసలున్నాయి. దొడ్లో మోటారు లైను మొదటి వానాకాలం 40 మెగాఓమ్‌లు, తర్వాత 31, తర్వాత 18, ఈసారి 6. ఆరు అంటే ఇంకా పాసే, మోటారు కూడా బాగానే తిరుగుతోంది. అయినా వచ్చే ఆదివారం బావి పక్కన ఉన్న జంక్షన్ పెట్టె తెరుస్తానని అత్తయ్యకి చెప్పాను.